పేరు చేరని ఫైలు: మల్టీపార్ట్ అప్‌లోడ్ ప్రమాణపత్రాలు - పాఠవిమర్శ దృష్టి

వ్యాససంగ్రహం:
వెబ్‌సర్వీసులకు ఫైళ్లను పంపే మల్టీపార్ట్ పద్ధతిని నిర్వచించిన ప్రమాణపత్రాలు మూడు. అవి 1995, 1998, 2015 సంవత్సరాలలో వెలువడ్డాయి. ఈ మూడింటినీ పాఠాలుగా స్వీకరించి, వాటి విధివాక్యాల స్వభావాన్ని విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం. అప్‌లోడ్ దోషాలను గుర్తించే పనికీ తాళపత్ర ప్రతుల పాఠపరిష్కరణకూ ఉన్న సామ్యం ఎక్కడివరకు నిలుస్తుందో, తెలుగు పేర్లు గల ఫైళ్లకు కలిగే నష్టంలో ప్రమాణపత్రాల వాటా ఎంతో ఇందులో చర్చించడమైంది.

కీలకపదాలు: మల్టీపార్ట్, ప్రమాణపత్రం, హద్దు, పాఠపరిష్కరణ, గ్రంథపాతం, యూనికోడ్, వైకల్పికం.

1. ప్రవేశిక

పరిశోధక విద్యార్థి తన వ్యాసం ఫైలుకు ‘శైలి’ అని పేరుపెట్టి ఒక వెబ్‌సర్వీసుకు పంపితే, అవతల అది ‘శల’ అని నమోదు కావచ్చు. పేరంతా పోయి ‘పిడిఎఫ్’ అన్న పొడిగింపు మాత్రమే మిగలవచ్చు. వరుసగా నాలుగు ప్రశ్నార్థకాలుగా కనిపించవచ్చు. ఏ సందేశమూ లేకుండా అప్‌లోడ్ విఫలం కావచ్చు. ఇటువంటి సందర్భంలో అందరికీ వినవచ్చే సలహా ఒకటే: పేరు ఇంగ్లీషులో పెట్టి మళ్లీ పంపమని. పని జరుగుతుంది కనుక ఆ సలహాను ఎవరూ ప్రశ్నించరు. అయితే అది రోగనిర్ణయం కాదు. దోషం ఎక్కడ పుట్టిందో చెప్పకుండా, దోషానికి కారణం తెలుగు పేరేనని ఒప్పించే సలహా అది.

దోషం పుట్టే చోటును వెతకాలంటే ముందుగా చదవవలసినవి ఈ పద్ధతికి మూలమైన పత్రాలు. ఇంటర్నెట్ ప్రమాణాలను ఆర్.ఎఫ్.సి. అనే పత్రాల వరుసలో ప్రకటిస్తారు. ఇంజనీర్లు వాటిని సూచనలుగా చదువుతారు. వాటికి వాక్యనిర్మాణం ఉంది, పూర్వపత్రాలతో సంవాదం ఉంది, ఉదాహరణల ఎంపిక ఉంది, మౌనాలు ఉన్నాయి. కనుక సాహిత్యవిమర్శకు అలవాటైన పనిముట్లు ఇక్కడ నిరుపయోగం కావు.

2. భాగాలు, హద్దులు

ముందుగా ఒక పదసందిగ్ధతను తొలగించుకోవాలి. పెద్ద ఫైలును ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను వేరువేరుగా పంపి, చివర అతికించే పద్ధతిని కూడా మల్టీపార్ట్ అప్‌లోడ్ అనే అంటారు. అమెజాన్ ఎస్3 నిల్వసేవలో ఉన్నది అదే. అక్కడ చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 మెగాబైట్లు ఉండాలి, ముక్కలు 10,000 మించకూడదు. ఈ వ్యాసవిషయం అది కాదు. ఒకే అభ్యర్థనలో ఫారంలోని గడులనూ ఫైళ్లనూ భాగాలుగా పేర్చి పంపే పద్ధతి ఇక్కడి విషయం. రెండింటికీ ఒకే పేరుండటం వల్ల ఒకదాని దోషానికి మరొకదాని చికిత్స చేస్తూ కాలం వృథా చేసుకునేవారు లేకపోలేదు.

ఈ పద్ధతి ఈమెయిల్ నుంచి వచ్చింది. ఉత్తరంతోపాటు బొమ్మలూ ఇతర జోడింపులూ పంపడానికి 1992లో రూపొందిన మైమ్ ప్రమాణంలో, భాగానికీ భాగానికీ నడుమ ఒక హద్దుపదం ఉంచే ఏర్పాటు ఉంది. ఆ పదాన్ని పంపేవాడే ఎంచుకుంటాడు. అది 70 అక్షరాలకు మించరాదు, పంపే వస్తువు లోపల ఎక్కడా కనిపించరాదు. అభ్యర్థన శీర్షికలో హద్దుపదాన్ని ముందుగా ప్రకటించాలి. తరువాత ప్రతి భాగానికి ముందు రెండు అడ్డగీతలు చేర్చి ఆ పదాన్ని రాయాలి. చిట్టచివర పదానికి వెనుక కూడా మరో రెండు అడ్డగీతలు చేర్చి, ఇక భాగాలు లేవని తెలపాలి. ప్రతి భాగం మొదట దాని పేరు, రకం చెప్పే చిన్న శీర్షికలు, ఆపై ఒక ఖాళీ పంక్తి, ఆ తరువాత అసలు వస్తువు ఉంటాయి.

తెలుగు పాఠకులకు ఈ నిర్మాణం కొత్తది కాదు. మన కావ్యాలలో ఆశ్వాసాంత గద్య చేసే పని ఇటువంటిదే. కవి పేరు, తండ్రి పేరు, కృతి పేరు, ఆశ్వాసం సంఖ్య చెప్పి అది ఒక భాగాన్ని ముగిస్తుంది. భాగవతంలో పంచమ స్కంధం గంగనదనీ, షష్ఠం సింగనదనీ, ఏకాదశ ద్వాదశాలు నారయవనీ నిర్ణయించడానికి స్కంధాంత గద్యలు ఆధారమయ్యాయి. హద్దును సూచించే వాక్యం హద్దు మాత్రమే కాక, లోపలి వస్తువు ఎవరిదో చెప్పే సాక్ష్యం కూడా. గద్య చెడిపోతే కర్తృత్వవాదం మొదలవుతుంది. మల్టీపార్ట్‌లో శీర్షిక చెడిపోతే ఫైలు అనాథ అవుతుంది. గద్య చివర వస్తుంది, శీర్షిక మొదట వస్తుంది. భేదం అంతమాత్రమే.

3. దోషనిర్ణయం

పాఠపరిష్కర్త మొదటి పని అర్థాన్ని ఊహించడం కాదు, ప్రతిని చూడటం. అప్‌లోడ్ విషయంలో ప్రతి అంటే పంపిన బైట్ల వరుస. బ్రౌజర్‌లోని నెట్‌వర్క్ పలకలో గానీ, కర్ల్ వంటి పనిముట్టులోని జాడ నమోదు సౌకర్యంతో గానీ దాన్ని యథాతథంగా చూడవచ్చు. సర్వర్ ఇచ్చిన సందేశాన్ని మాత్రమే చదివి చికిత్సకు పూనుకోవడం, ప్రతిని విప్పకుండా వ్యాఖ్యానం మాత్రమే చదివి పాఠం సవరించడం వంటిది.

ప్రతిని చూడగానే బయటపడే దోషం హద్దు తప్పడం. బ్రౌజర్ ఫారం-డేటాను పంపేటప్పుడు హద్దుపదాన్ని తానే కల్పించి శీర్షికలో తానే రాస్తుంది. ప్రోగ్రామర్ అతిజాగ్రత్తతో ఆ శీర్షికను తన చేత్తో ‘మల్టీపార్ట్’ అని మాత్రం రాస్తే, హద్దుపదం ప్రకటన అందులోంచి తొలగిపోతుంది. లోపల భాగాలన్నీ సక్రమంగానే ఉంటాయి. కానీ వాటిని విడదీసే తాళంచెవి సర్వర్‌కు అందదు. ఇక్కడ లోపం చేయవలసినది చేయకపోవడం వల్ల కాక, చేయనక్కరలేనిది చేయడం వల్ల వచ్చింది. లేఖకుడు పొరపాటు పడిన చోట్లకన్నా, తెలివి చూపి దిద్దిన చోట్లే పరిష్కర్తకు ఎక్కువ చిక్కు తెస్తాయన్నది అనుభవజ్ఞుల మాట.

అడ్డగీతల లెక్క మరొక చిక్కు. క్రోమ్ వంటి బ్రౌజర్లు కల్పించే హద్దుపదం మొదట్లోనే నాలుగు అడ్డగీతలు ఉంటాయి. నియమం ప్రకారం వాటికి మరో రెండు చేరి, లోపల ఆరు కనిపిస్తాయి. శీర్షికలో నాలుగు, లోపల ఆరు చూసినవారు ఇదే దోషమనుకుని సరిచేయబోతారు. పంక్తి ముగింపు మరింత సూక్ష్మమైనది. హద్దుకు ముందున్న పంక్తివిరామం హద్దుకే చెందుతుంది, వస్తువుకు చెందదు. ఈ సంగతి మరచి ప్రోగ్రాం రాస్తే చేరిన ప్రతి ఫైలు చివరా రెండు బైట్లు అదనంగా ఉంటాయి. వ్యాసపాఠంలో ఆ రెండు బైట్లు ఎవరికీ కనబడవు. ఫైళ్ల సరిపోలికను గణించి చూసే చోట మాత్రం ఫైలు మారిందన్న ఫలితం వస్తుంది.

పరిమాణదోషాల సంగతి వేరు. అవి పాఠంలో ఉండవు, మార్గంలో ఉంటాయి. ఎంజినెక్స్ సర్వర్ మార్పుచేయని స్థితిలో 1 మెగాబైటు దాటిన అభ్యర్థనను నిరాకరిస్తుంది. దాని వెనుక పి.హెచ్.పి. ఉంటే, అక్కడ ఫైలుకు 2 మెగాబైట్లు, మొత్తం అభ్యర్థనకు 8 మెగాబైట్లు సహజ పరిమితులు. ఒక వాకిలి వెడల్పు చేసినవారికి రెండో వాకిలి తగులుతుంది. పి.హెచ్.పి.లో మొత్తం పరిమితి దాటితే ఫారంలోని గడులూ ఫైళ్ల పట్టికా రెండూ ఖాళీగా అందుతాయి. ఆ ఖాళీని చూసిన ప్రోగ్రాం ‘మీరు ఫైలు ఎంచుకోలేదు’ అని సందేశం చూపుతుంది. ఫైలు ఎంచుకుని, గంటసేపు వేచి చూసిన మనిషికి ఈ మాట అబద్ధం. పైగా నింద.

సందేశాల భాషను గూర్చి ఇక్కడే ఒక మాట. పరిమాణం మించినప్పుడు వచ్చే 413 సంఖ్యకు 1999 నాటి ప్రమాణంలో ఉన్న పేరుకు అర్థం ‘అభ్యర్థన వస్తువు మరీ పెద్దది’. 2014లో ‘సరుకు మరీ పెద్దది’ అయింది. 2022లో ‘విషయం మరీ పెద్దది’ అయింది. రెండుసార్లు పేరు మార్చినవారు, ఎంతవరకు అనుమతో చెప్పమని ఒక్కసారీ విధించలేదు. ఎంజినెక్స్ తన సహాయపత్రంలోనే, ఈ దోషాన్ని బ్రౌజర్లు సరిగా చూపలేవని ఒప్పుకుంటుంది. ఫైలు ఇంకా ప్రయాణంలో ఉండగానే సర్వర్ తలుపు మూసేస్తే, పంపినవారికి కనిపించేది సంబంధం తెగిందన్న మాట మాత్రమే. దాంతో నెట్ కనెక్షన్ను తప్పుపడతారు.

4. మూడు పత్రాలు, ఒక ప్రశ్న

ఫైలు పేరు ఆస్కీ అక్షరాలలో లేకపోతే ఏం చేయాలి? ఈ ఒక్క ప్రశ్నకు మూడు పత్రాలూ ఇచ్చిన సమాధానాలను పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసంలో ప్రధానాంశం.

1995 నవంబరులో నెబెల్, మాసింటర్ అనే ఇద్దరు జిరాక్స్ ఉద్యోగులు రాసిన ఆర్.ఎఫ్.సి. 1867 ప్రకారం, అటువంటి పేరును ఉజ్జాయింపుగా మార్చి పంపవచ్చు, లేదా ఈమెయిల్ శీర్షికల సంకేతపద్ధతిలో పంపవచ్చు. 1998 ఆగస్టులో మాసింటర్ ఒక్కరే రాసిన 2388వ పత్రం ఉజ్జాయింపును అలాగే ఉంచి, రెండో పద్ధతిని మార్చి మరొక సంకేతపద్ధతిని సూచించింది. 2015 జులైలో ఆయనే రాసిన 7578వ పత్రం, నక్షత్రగుర్తుతో కూడిన ఆ కోవకే చెందిన పద్ధతిని వాడనే రాదని నిషేధించింది. పేరును శాతం గుర్తులతో సంకేతించవచ్చునంది. ఆచరణలో మాత్రం వాడుకలో ఉన్న కొన్ని వ్యవస్థలు సాధారణంగా యూటీఎఫ్-8 బైట్లను నేరుగా పంపుతున్నాయని నమోదు చేసింది.

ఒక పరిష్కర్త ఒకే గ్రంథాన్ని మూడుసార్లు ప్రచురించి, ఒకే పద్యానికి మూడు పాఠాలు ఇచ్చినట్టు ఉంది ఇది. ఆయన నిజాయితీని శంకించనక్కరలేదు. మూడో పత్రం తన కాలపు ఆచరణను దాచకుండా చెప్పింది. ఆ గుణం శాస్త్రగ్రంథాలలో అరుదు. అయితే పాత పాఠాన్ని నమ్మి రాసిన ప్రోగ్రాములు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ప్రతి సర్వరూ తనకు నచ్చిన పాఠాన్ని అనుసరిస్తోంది.

‘ఉజ్జాయింపు’ అన్న మాట దగ్గర ఆగాలి. వస్తువు విషయంలో ఒక్క బైటు కూడా మారరాదని శ్రద్ధ వహించిన పత్రం, పేరు విషయంలో ఉజ్జాయింపు చాలునంది. పేరు పాఠంలో భాగం కాదనీ, అది పైకి అంటించిన చీటీ అనీ పత్రకర్తల భావన. ఆస్కీలో పేరున్నవారికి చీటీ ఎన్నడూ చినగదు గనుక, ఆ భావనలోని లోపం వారికి తట్టలేదు. 1998 పత్రంలోని ఒక ఉదాహరణ ఈ పరిమితిని చక్కగా పట్టిస్తుంది. ఒక వ్యక్తి వంద యూరోలు బాకీ ఉన్నాడని ఫారంలో రాస్తే ఎలా పంపాలో అందులో చూపారు. ఆ వాక్యంలో ఆస్కీకి వెలుపలిది యూరో గుర్తు ఒక్కటే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉంది. అయినా ‘ఇతర అక్షరం’ అన్న ఊహ ఆ ఉదాహరణలో ద్రవ్యచిహ్నం దగ్గరే ఆగిపోయింది.

విధివాక్యాల బలాబలాలను 1997 మార్చిలో బ్రాడ్నర్ రాసిన 2119వ పత్రం నిర్ణయించింది. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవారికి ఈ ఏర్పాటు సుపరిచితం. తప్పనిసరి అన్నది నిత్యం. కూడదన్నది నిషేధం. చేయవచ్చునన్నది వైకల్పికం. ఈ మూడింటికీ చెందనిది ఒకటుంది: తగిన కారణం ఉంటే తప్ప పాటించవలసిన విధి. దీనికి మన వ్యాకరణంలో సరిపోలిన పరిభాష లేదు. బహుళానికి దగ్గరగా కనిపించినా అది కాదు. బహుళం ప్రయోగవైవిధ్యాన్ని వర్ణిస్తుంది, ఇది ప్రయోక్త విచక్షణకు వదులుతుంది. 7578వ పత్రంలో ఫారం గడుల పేర్లకు ఆస్కీయేతర అక్షరాలు వాడకుండా ఉండటం మేలన్న సూచన ఈ నాలుగో తరగతిది. ఫైలు పేరును శాతం గుర్తులతో రాయడం వైకల్పికం. వ్యాకరణంలో వికల్పం రెండు రూపాలనూ సాధువులని అంగీకరిస్తుంది. శ్రోత రెండింటినీ గ్రహిస్తాడు. యంత్రాల నడుమ వికల్పం అంటే పంపేవాడు ఒక రూపం, అందుకునేవాడు మరొక రూపం ఎంచుకోవచ్చునని అర్థం. వికల్పాన్ని వక్తకు ఇచ్చి, శ్రోతకు నిత్యవిధి ఇవ్వకపోవడమే ఈ పత్రంలోని అసలు లోపం.

హెచ్‌టిఎంఎల్ ప్రమాణం బ్రౌజర్లకు మరింత కచ్చితమైన నియమం పెట్టింది. పేరులో ఉద్ధరణచిహ్నం ఉంటే దాన్ని శాతం గుర్తు, 22 అంకెలుగా మార్చాలి. శాతం గుర్తును మాత్రం మార్చనక్కరలేదు. దీనివల్ల ఉద్ధరణచిహ్నం ఉన్న పేరూ, నిజంగానే శాతం 22 అని రాసుకున్న పేరూ అవతలికి ఒకే రూపంలో చేరతాయి. రెండు మూలాలకు ఒకే ప్రతి! మూలనిర్ణయం ఇక్కడ ఏ పరిష్కర్తకూ సాధ్యం కాదు.

5. తెలుగు పేరుకు కలిగే గతులు

తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు అచ్చుగుర్తులు కలిసి 6 సంకేతాలు, 18 బైట్లు. శాతం గుర్తులతో రాస్తే 54 అక్షరాలు. లైనక్స్ వ్యవస్థల్లో ఫైలు పేరుకు సాధారణ పరిమితి 255 బైట్లు. నేరుగా రాస్తే 85 తెలుగు సంకేతాలు పడతాయి. శాతం రూపాన్ని విప్పకుండా నిల్వచేసే సర్వర్‌లో 28 మాత్రమే పడతాయి. పరిశోధన వ్యాసాల శీర్షికల నిడివి తెలిసినవారికి ఈ లెక్క వివరించనక్కరలేదు.

చెడిన పేరులో చెడిన తీరు రాసి ఉంటుంది. యూటీఎఫ్-8 బైట్లను పాశ్చాత్య అక్షరపట్టికతో చదివితే, ప్రతి తెలుగు సంకేతమూ నెత్తిమీద గీత ఉన్న ఫ్రెంచి ‘ఎ’తో మొదలవుతుంది. రెండో స్థానంలో హల్లులకు డిగ్రీ గుర్తు, చాలా అచ్చుగుర్తులకూ పొల్లుకూ కూడిక-తీసివేత జంటగుర్తు వస్తాయి. ఈ ఆనవాలు కనిపిస్తే పాఠం పోలేదని తెలుసుకోవాలి. తప్పు పట్టికతో చదివారంతే, బైట్లు భద్రం. కానీ ప్రశ్నార్థకాలు కనిపిస్తే అది గ్రంథపాతం. ఎన్ని అక్షరాలు పోయాయో తెలుస్తుంది, ఏవి పోయాయో తెలియదు. మొదటిదాన్ని ఇంగ్లీషు పేరుతో మళ్లీ పంపించడం, చదవదగిన తాళపత్రాన్ని పారవేయడమే.

మొదటి రకంలోనూ ఒక మెలిక ఉంది. ఉకారపు కొమ్ముకూ పొల్లుకూ మూడో బైటుగా వచ్చే విలువలకు విండోస్-1252 పట్టికలో ఏ గుర్తునూ కేటాయించలేదు. చెడిన పేరును తెరపైనుంచి నకలు తీసి అతికిస్తే ఆ కనబడని బైట్లు జారిపోయే ప్రమాదం ఉంది. తెలుగు మాటలు ఎక్కువగా ఉకారాంతాలు. ఒక భాష అతి తరచుగా వాడే గుర్తే పట్టికలో ఖాళీ గడిలో పడటం యాదృచ్ఛికమే. నష్టం మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఇంకొన్ని చోట్ల నష్టం రక్షణ పేరిట జరుగుతుంది. పేరులో దారిగుర్తులు చొప్పించి సర్వర్‌లోని ఇతర ఫైళ్లను చెరపడానికి దుష్టులు ప్రయత్నిస్తారు. ఇది నిజమైన ప్రమాదం, ప్రక్షిప్తం వంటిది. అందుకని పేరును శుద్ధిచేసే ఉపకరణాలు వచ్చాయి. పైథాన్‌లో ప్రసిద్ధమైన వెర్క్‌జ్యూగ్ ఉపకరణం పేరులోని ఆస్కీయేతర అక్షరాలన్నిటినీ తొలగిస్తుంది. పూర్తి తెలుగు పేరులో మిగిలేది పొడిగింపు మాత్రమే. ఫలితం శూన్యం కూడా కావచ్చునని దాని సహాయపత్రమే హెచ్చరిస్తుంది. పైథాన్ సహజ అన్వేషణసూత్రాలలో ‘పదాక్షరం’ అన్న తరగతిలో భారతీయ భాషల అచ్చుగుర్తులు చేరవు. ఆ తరగతికి చెందనివాటిని తొలగించమంటే ‘తెలుగు’ ‘తలగ’ అవుతుంది. గుణింతాన్ని అక్షరంలో భాగంగా కాక అలంకారంగా చూసిన ఫలితమిది. దారిగుర్తులను మాత్రమే తొలగిస్తే చాలే చోట, లిపిని తొలగించడం రక్షణ అనిపించుకోదు.

‘శైలి’ సంగతి మరింత విచిత్రం. తెలుగులో ఐకారపు గుర్తును ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎకారపు గుర్తుకు కింది గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. యూనికోడ్ ఈ రెంటినీ సమానమంటుంది. తెలుగులో ఇటువంటి సమానత ఉన్నది ఈ ఒక్క గుర్తుకే. మ్యాక్ యంత్రాలు 2017 వరకు ప్రధానంగా వాడిన ఫైలువ్యవస్థ పేర్లను విడదీసి నిల్వచేసేది. అక్కడి ‘శైలి’ 15 బైట్లు, విండోస్‌లో మామూలుగా టైపుచేసిన ‘శైలి’ 12 బైట్లు. కంటికి భేదం లేదు. బైట్లను పోల్చే సర్వర్ మాత్రం ఉన్న ఫైలునే లేదంటుంది. పరిష్కర్తలకు పాఠభేదాలు కంటికి కనిపిస్తాయి. ఇక్కడ కనిపించని పాఠభేదం ఉంది. సామ్యం తెగిపోయే చోటు ఇదే. లేఖకుడు అర్థం తెలిసి పొరపడతాడు, కఠినపదం స్థానంలో తెలిసిన పదం రాస్తాడు. కనుక అతని మనసును ఊహించి మూలానికి చేరవచ్చు. యంత్రానికి ఊహించదగిన మనసు లేదు, పట్టికలు మాత్రమే ఉన్నాయి. ఏ పట్టిక వాడిందో తెలిస్తే నిర్ణయం సంపూర్ణం. తెలియకపోతే ఊహ నిరుపయోగం.

6. పరీక్షాపదం

పరిష్కారం సాంకేతికంగా పెద్దది కాదు. నిల్వకు సర్వర్ తానే ఒక సంకేతనామం కల్పించుకోవాలి. పంపినవారు పెట్టిన పేరును ఒక రూపానికి తెచ్చి, వివరాల పట్టికలో విడిగా భద్రపరచాలి. అప్పుడు దారిగుర్తుల భయమూ లేదు, నిడివి సమస్యా లేదు. తెలుగు వికీపీడియా ఫైలుకు ‘దస్త్రం’ అనీ అప్‌లోడ్‌కు ‘ఎక్కింపు’ అనీ మాటలు స్థిరపరచి, తెలుగు పేర్లను యథాతథంగా చూపుతోంది. వీలుకాదన్న వాదానికి అది చాలినంత ప్రత్యుత్తరం.

తెలుగు వ్యాసాలు స్వీకరించే ఏ సర్వీసునైనా పరీక్షించడానికి ‘శైలి-సాఫ్ట్‌వేర్-తెలుగు’ అన్న ఒక్క పేరు చాలు. అవతల ‘శల’ అని మొదలైతే అచ్చుగుర్తులను తొలగించే సూత్రం ఉంది. ‘సాఫ్ట్వేర్’ అని టకారం కింద వత్తు చేరితే, పొల్లు తరువాతి అదృశ్య విభాజకాన్ని ఎవరో ఏరివేశారు. డిగ్రీ గుర్తులు కనిపిస్తే చదివే పట్టిక తప్పు. ప్రశ్నార్థకాలైతే నిల్వలోనే లోపం. పేరంతా సరిగా కనిపించి, నొక్కినప్పుడు ఫైలు లేదంటే ఐకారాన్ని చూడాలి. పొడిగింపు ఒక్కటే మిగిలితే శుద్ధిచేసే ఉపకరణాన్ని మార్చమని నిర్వాహకులకు రాయాలి.